కౌంటీ ఆరోగ్య మెరుగుదల ప్రణాళికలతో నిజంగా ఆరోగ్యం మెరుగవుతుందా? ఆధారాల మీద చర్చ

తూనికరాయి:
అమెరికా కౌంటీ, సిటీ ఆరోగ్య శాఖల్లో పనిచేసే మనవాళ్లను అడుగుతున్నాను. కమ్యూనిటీ హెల్త్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్, అంటే ఊళ్లోని సంస్థలన్నీ కలిసి వేసుకునే ఆరోగ్య మెరుగుదల ప్రణాళిక, మనం చిప్ అని పిలుచుకునేది (పిల్లల బీమా పథకం చిప్ కాదు), దాని వెనుక ఉన్న ఆధారం ఎంత గట్టిది?

మాట్లాడుకోవడానికి ఒక లెక్క పెట్టుకుందాం. ఓహాయోలో 60,000 జనాభా ఉన్న కౌంటీ. అక్కడ 2020 నుంచి ఆరోగ్య శాఖలూ, పన్ను మినహాయింపు ఉన్న ఆసుపత్రులూ ఒకే మూడేళ్ల చక్రంలో ఆరోగ్య అవసరాల అంచనా, ప్రణాళిక ఇవ్వాలని చట్టం. ప్రణాళికలో ఐదు ప్రాధాన్యాలు, వాటి కింద 42 కార్యక్రమాలు. హెల్త్ బోర్డు సభ్యులు సూటిగా అడుగుతారు: "ఇంత సమయం ఈ ప్రక్రియ మీద పెడితే జబ్బులు తగ్గుతాయని ఎక్కడైనా రుజువైందా?" ఫ్యాబ్ (ఆరోగ్య శాఖలకి గుర్తింపు ఇచ్చే బోర్డు) అక్రెడిటేషన్‌కి కావాలి కాబట్టి చేస్తున్నాం అంటే అది జవాబు కాదు. అసలు జవాబు ఏమిటి?

కౌంటీలెక్కలు:
మంచి ప్రశ్న వేశారండీ. దాన్ని రెండుగా చీలిస్తేనే జవాబు దొరుకుతుంది. కూటమి కట్టి ప్రణాళిక వేసుకోవడం అనే పద్ధతికే ఆధారం ఉందా? ఆ ప్రణాళికలో రాసుకున్న ఒక్కొక్క పనికి ఆధారం ఉందా? రెండో దానికి బోలెడంత ఉంది. మొదటి దానికి చాలా తక్కువ, ఉన్నదీ కలగాపులగం.

మొదటి దాంట్లో ముందు చెప్పుకోవాల్సింది కమిట్ ట్రయల్. పొగాకు మాన్పించడానికి 11 జతల ఊళ్లు తీసుకున్నారు. ప్రతి జతలో ఒక ఊరికి కార్యక్రమం, రెండోది పోలికకి. ఏది దేనికన్నది చీటీ వేసి తేల్చినట్టే, ర్యాండమ్‌గా. నాలుగేళ్లు స్థానిక కూటములు పనిచేశాయి. 1995లో ఫలితాలు వచ్చాయి. బాగా ఎక్కువ తాగేవాళ్లలో మానేసినవాళ్లు కార్యక్రమం ఉన్న ఊళ్లలో 18.0 శాతం, లేని ఊళ్లలో 18.7 శాతం. అంటే తేడా లేదు. తక్కువగా, మధ్యస్తంగా తాగేవాళ్లలో 30.6, 27.5. ఇక్కడ కొంచెం ఉంది. అంత పెద్ద ప్రయత్నానికి దక్కింది మూడు శాతం.

రెండోది కమ్యూనిటీస్ దట్ కేర్. ఏడు రాష్ట్రాల్లో 24 చిన్న ఊళ్లు, ఇదీ ర్యాండమైజ్డ్ ట్రయలే, 2003లో మొదలైంది. ఐదో తరగతి నుంచి 4,407 మంది పిల్లల్ని వెంబడించారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి కొత్తగా సిగరెట్, మద్యం, చిల్లర నేరాలు మొదలుపెట్టినవాళ్లు కార్యక్రమం ఉన్న ఊళ్లలో స్పష్టంగా తక్కువ. పన్నెండో తరగతిలో కూడా అసలు ముట్టనివాళ్లు ఎక్కువగానే ఉన్నారు. కానీ ఆ సమయంలో వాడుతున్నవాళ్ల శాతంలో మాత్రం తేడా కనబడలేదు.

రెండిట్లోనూ కూటమి ఉంది, ప్రణాళిక ఉంది. తేడా ఎక్కడంటే, రెండో దాంట్లో స్థానిక కూటమికి ఇచ్చిన స్వేచ్ఛకి ఒక గట్టు ఉంది. పిల్లల సర్వేతో ముప్పు కారకాల్ని గుర్తించాలి, వాటిలో రెండు నుంచి ఐదే ఎంచుకోవాలి, ఆ తర్వాత ముందే పరీక్షకు నిలిచిన కార్యక్రమాల జాబితా నుంచే తీసుకోవాలి. తీసుకున్నదాన్ని రాసినట్టే నడుపుతున్నారా లేదా అని కొలిచారు. ఎవరికి తోచింది వాళ్లు రాసుకునే ప్రణాళిక కాదది.

నర్సమ్మ_డేటన్:
కౌంటీలెక్కలు గారూ, కాక్రేన్ సమీక్షను (అధ్యయనాలన్నీ కూర్చి తూచే సంస్థది) వదిలేశారు. అసమానతలు తగ్గించడానికి కమ్యూనిటీ కూటములు నడిపిన 58 అధ్యయనాల్ని 2015లో కలిపి చూశారు. కొన్నిట్లో చిన్నపాటి మేలు, కొన్నిట్లో ఏమీ లేదు. ఆరోగ్య సంస్థల తీరు మార్చడానికి పెట్టుకున్న పనులకి కొంత నికరమైన ఫలితం దక్కింది. పరిసరాలు, వసతులు లాంటి విశాలమైన మార్పులకి ఫలితం నిలకడగా రాలేదు.

కానీ దీంతో ప్రణాళికే దండగ అనేస్తే ఒప్పుకోను. ఆ ప్రణాళిక లేకపోతే ఆసుపత్రి ఒక దారి, స్కూలు బోర్డు ఒక దారి, మానసిక ఆరోగ్య బోర్డు ఇంకో దారి. ఒకరు ఏం చేస్తున్నారో ఒకరికి తెలియదు.

కౌంటీలెక్కలు:
దండగ అనలేదమ్మా. మీ వాదనకి నిలబడే ఆధారం కూడా ఉంది. 2016లో హెల్త్ అఫైర్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 1998 నుంచి 2014 దాకా ఊళ్లను వెంబడించింది. ఆరోగ్య శాఖ, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, యజమానులు కలిసి ఎక్కువ పనులు పంచుకునే స్థాయికి ఎదిగినచోట గుండెజబ్బు, మధుమేహం, ఫ్లూ మరణాలు ఎక్కువగా తగ్గాయి. రెండు షరతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది చూసి రాసింది, ప్రయోగం కాదు. బాగా నడిచే ఊళ్లే బాగా కూడుతాయేమో అన్న సందేహం పూర్తిగా పోదు. రెండు, ఆ విశ్లేషణకి వాడిన సర్వే మొదట లక్ష జనాభాకి పైబడ్డ ప్రాంతాల కోసం కట్టింది. తూనికరాయి గారి 60,000 కౌంటీకి దాన్ని అలాగే తెచ్చి అంటించకూడదు.

పడమటిగాలి:
చిన్న కౌంటీకి సరిపోయే ఉదాహరణ కావాలంటే మెయిన్ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ కౌంటీ. 1970లో జనాభా 22 వేలు, పేద గ్రామీణ ప్రాంతం. నలభై ఏళ్ల రికార్డు 2015లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. రక్తపోటు అదుపులో ఉన్నవాళ్లు 1975 నుంచి 1978 మధ్య 18.3 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. పొగ మానేసినవాళ్ల శాతం 1996 నుంచి 2000 మధ్య 48.5 నుంచి 69.5కి చేరింది. ఆదాయాన్ని బట్టి చూస్తే ఉండాల్సిన దానికంటే ఆసుపత్రి చేరికలూ మరణాలూ తక్కువగా నమోదయ్యాయి.

వాళ్లు ఏం చేశారో చూడండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టలేదు. ముందు రక్తపోటు పట్టుకున్నారు, తర్వాత కొలెస్ట్రాల్, తర్వాత పొగాకు, ఆ తర్వాత తిండి, వ్యాయామం. నర్సులు, శిక్షణ పొందిన వాలంటీర్లు గ్రామ సభా మందిరాలకీ, చర్చిలకీ, బడులకీ, పనిచేసే చోట్లకీ వెళ్లి పరీక్షలు చేశారు. పరీక్ష చేసి చీటీ ఇచ్చి పంపేయలేదు. డాక్టరుకి కబురు పెట్టడం, మళ్లీ ఫోన్ చేయడం, మళ్లీ కొలవడం కూడా అదే మనుషుల పని. మన హెల్త్ ఫెయిర్లలో తెగిపోయే దారం సరిగ్గా ఇదే. బీపీ 168 వచ్చిందని కాగితం మీద రాసి ఇస్తాం. ఆ మనిషికి డాక్టరు ఉన్నాడా, అపాయింట్‌మెంట్ దొరికిందా, మాత్ర మొదలైందా అని అడిగే నాథుడు ఉండడు. ఏడాది చివర "312 మందికి పరీక్షలు" అని నివేదికలో పడుతుంది.

తూనికరాయి:
అంటే 42 కార్యక్రమాలు పెట్టడమే మొదటి తప్పు అంటారా?

పడమటిగాలి:
అవునండీ. ఫ్యాబ్ కూడా అన్ని అడగదు. ప్రాధాన్యాలు కనీసం రెండుంటే చాలు. ప్రతిదానికీ కొలవగల లక్ష్యం, పనులు, గడువు, బాధ్యులెవరో ఉండాలి. ఏటా ప్రగతి చూసుకుని ప్రణాళిక సవరించాలి. కూటమిలో ఎవరినీ నొప్పించకూడదని అందరి పనులూ చేర్చడం వల్లే జాబితా 42కి ఉబ్బుతుంది. ఇప్పటికే నడుస్తున్న పనుల్ని తెచ్చి అతికిస్తే అది ప్రణాళిక కాదు, సంస్థల డైరెక్టరీ.

ఇంకో తప్పు కూడా పదేపదే జరుగుతుంది. శాఖ సొంత స్ట్రాటజిక్ ప్లాన్‌నీ, ఊరి చిప్‌నీ కలిపేస్తారు. ఫ్రంట్ డెస్క్‌లో వేచి ఉండే సమయం తగ్గించడం, సిబ్బంది శిక్షణ, కొత్త సాఫ్ట్‌వేర్, ఇవి శాఖవి. చిప్ ఊరంతటిది. ప్రతి వరుసలోనూ బాధ్యులుగా ఆరోగ్య శాఖే ఉంటే అది చిప్ కాదని పైపైన చూసినా తెలిసిపోతుంది.

నీలిసంతకం:
పద్ధతి గురించి. మ్యాప్ (ప్రణాళిక తయారీకి దశలవారీ పద్ధతి) వాడేవాళ్లు పాతదీ కొత్తదీ కలిపేయకండి. నాచో (స్థానిక ఆరోగ్య శాఖల సంఘం), సీడీసీ (కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ) కలిసి 2001లో తెచ్చిన మ్యాప్‌లో ఆరు దశలు, నాలుగు అంచనాలు. 2023లో వచ్చిన మ్యాప్ 2.0లో మూడు దశలు, మూడు అంచనాలు: ఊరి స్థితి, ఊరి సందర్భం, భాగస్వాముల బలాబలాలు. శక్తంతా అంచనాల దగ్గరే కరిగిపోతుందన్నది ఎప్పుడూ ఉన్న జబ్బే. పద్ధతి ఏదైనా, "ఇక్కడితో డేటా ఆపేస్తాం" అన్న తేదీ మొదటి సమావేశంలోనే మినిట్స్‌లో రాయించండి.

వరహాలు:
ప్రాధాన్యాలు ఎలా ఎంచుతున్నారన్నది ఎవరూ అడగలేదు. ఆధారం జారిపోయేది అక్కడే.

ఎక్కువ చోట్ల గోడ మీద కాగితాలు అంటించి, మనిషికి మూడు చుక్కల స్టిక్కర్లు ఇచ్చి ఓటు వేయిస్తారు. ఆ రోజు గదిలోకి ఎవరు వచ్చారో వాళ్ల జబ్బే గెలుస్తుంది. మానసిక ఆరోగ్య బోర్డు నుంచి పదిమంది వస్తే మానసిక ఆరోగ్యం మొదటి స్థానం. దీనికన్నా హ్యాన్లన్ పద్ధతి మేలు. సమస్య పరిమాణం ఏ, తీవ్రత బీ, మన చేతిలో ఉన్న పరిష్కారం ఎంత పనిచేస్తుందన్నది సీ. ఒక్కోదానికి 0 నుంచి 10. ఏకి రెండు బీలు కలిపి, వచ్చినదాన్ని సీతో గుణించాలి.

ఊబకాయానికి పరిమాణం 8, తీవ్రత 6, పరిష్కారం 3 వేశారనుకోండి. 8 + 12 = 20, మూడుతో గుణిస్తే 60. పొగాకుకి 6, 8, 8. 6 + 16 = 22, ఎనిమిదితో గుణిస్తే 176. పరిమాణంలో వెనకబడ్డది దాదాపు మూడు రెట్లు ముందుకొచ్చింది. అంతా సీ మహిమ. అందుకే సీ అంకెని గదిలో కూర్చున్నవాళ్ల అభిప్రాయానికి వదలకూడదు. ముందురోజే ఒకరిద్దరు కూర్చుని కమ్యూనిటీ గైడ్ (ఏ పనికి ఎంత ఆధారం ఉందో తూచి చెప్పే సిఫారసుల సంకలనం) చూసి, ప్రతి సమస్యకీ మన కౌంటీ నిజంగా చేయగల పనుల ఆధార స్థాయి ఒక పేజీలో రాసి తేవాలి. గదిలోవాళ్లు ఏ, బీ వేస్తారు. సీ ఆ పేజీ చూసి వేస్తారు.

చివర్లో పెర్ల్ జల్లెడ ఉంటుంది: ఇది మన పనేనా, ఖర్చుకి తగునా, జనం ఒప్పుకుంటారా, వనరులున్నాయా, చట్టం అనుమతిస్తుందా. ఏ ఒక్కదానికి "లేదు" వచ్చినా పక్కన పెట్టాలి. చాలామంది ఈ జల్లెడ పట్టడం మర్చిపోతారు. తర్వాత రాష్ట్ర చట్టం స్థానిక నిబంధనల్ని అడ్డుకుంటోందని ఏడాది గడిచాక తెలుస్తుంది.

నర్సమ్మ_డేటన్:
వరహాలు గారి మాటకి ఒక చేర్పు. కమ్యూనిటీ గైడ్‌లో "ఆధారం చాలదు" అని ఉంటే "పనిచేయదు" అని కాదు. తేల్చడానికి సరిపడా అధ్యయనాలు లేవని మాత్రమే. అలాంటిదే వాట్ వర్క్స్ ఫర్ హెల్త్ అనే జాబితా అయితే "ఆధారం చాలదు", "ఫలితాలు పొంతన లేవు", "పనిచేయదని రుజువైంది" అని మూడుగా విడదీస్తుంది. మూడోదాన్ని ప్రణాళికలోంచి తీసేయాలి. మొదటిదాన్ని చేయొచ్చు, కానీ కొలిచే ఏర్పాటుతో మాత్రమే.

పొగాకుకి సీ ఎందుకు ఎక్కువో కూడా చెప్పాలి. ధర 20 శాతం పెరిగితే మొత్తం వాడకం పది శాతం దాకా తగ్గుతుందని కమ్యూనిటీ గైడ్ అంచనా. స్థానిక స్థాయిలో అయితే మసాచుసెట్స్‌లోని నీధమ్ ఊరు. 2005లో అక్కడ పొగాకు అమ్మకానికి కనీస వయసు 21 చేశారు. 2006 నుంచి 2010కి హైస్కూలు పిల్లల్లో గత నెలలో సిగరెట్ తాగినవాళ్లు 13 శాతం నుంచి 7 శాతానికి పడ్డారు. చుట్టుపక్కల ఊళ్లలో 15 నుంచి 12. చుట్టుపక్కలా తగ్గింది కానీ నీధమ్‌లో సగానికి తగ్గింది. దేశమంతటికీ ఆ చట్టం రావడానికి 2019 డిసెంబరు దాకా పట్టింది. కరపత్రాలు పంచే కార్యక్రమం పది ఉన్నా ఇలాంటి ఒక్క నిబంధనతో సరితూగవు.

కౌంటీలెక్కలు:
ఇప్పుడు నన్ను అందరికంటే ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తాను: కొలత. చాలా ప్రణాళికల్లో లక్ష్యం ఇలా ఉంటుంది: "పెద్దల్లో పొగతాగేవారి శాతం 18 నుంచి 15కి తగ్గించడం." కొలిచేది 400 మందితో చేసే కౌంటీ సర్వేతో. 400 మందిలో 18 శాతం అంటే అటూ ఇటూ 3.8. అంటే 14 నుంచి 22 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మూడు శాతం తేడాని నమ్మకంగా పట్టుకోవాలంటే ప్రతి విడతలోనూ దాదాపు 2,400 మంది కావాలి, అదీ సాదా శాంపిల్ అయితే. కాబట్టి ప్రణాళిక గెలిచినా ఓడినా ఆ సర్వేకి తెలియదు. లక్ష్యం రాసిన రోజే ఓడిపోయింది.

మరణాలు ఇంకా కష్టం. ఏడాదికి 20 మత్తుమందుల ఓవర్‌డోస్ మరణాలు, 60,000 జనాభా. రేటు లక్షకి 33.3. కానీ 20 అనే అంకెకి 95 శాతం హద్దులు, అంటే కేవలం యాదృచ్ఛికంగా అటూ ఇటూ ఊగే పరిధి, 12.2 నుంచి 30.9. అంటే రేటు లక్షకి 20 నుంచి 51 దాకా. మరుసటి ఏడు 14 మంది చనిపోతే "30 శాతం తగ్గించాం" అని పత్రికా ప్రకటన ఇస్తారు. ఆ పై ఏడు 23 వస్తే ఎవరూ మాట్లాడరు. మూడేళ్లు కలిపి 60 మరణాలుగా చూస్తే హద్దులు లక్షకి 25 నుంచి 43కి బిగుసుకుంటాయి. ఇరవైకి తక్కువ మరణాలతో కట్టిన రేటుని సీడీసీ వారి వండర్ డేటాబేసు నమ్మదగనిదని గుర్తు పెట్టి చూపిస్తుంది. తొమ్మిదీ అంతకు తక్కువైతే అంకే చూపించదు. చిన్న కౌంటీలు ఈ రెండు గీతల దగ్గరే బతుకుతాయి.

మరో మూడు ఉచ్చులున్నాయి. పెద్దల ఆరోగ్య అలవాట్ల మీద ఫోన్ సర్వే బీఆర్‌ఎఫ్‌ఎస్‌లో 2011లో సెల్‌ఫోన్లు చేర్చి, వెయిటింగ్ పద్ధతి మార్చారు. దానికి ముందు అంకెల్ని తర్వాతవాటితో ఒకే గీతగా గీయకూడదు. సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల అంచనాలు తీసుకుని పోలిస్తే కాలాలు ఒకదానిమీదొకటి పడకూడదు. 2015-2019ని 2016-2020తో పోలిస్తే నాలుగేళ్ల డేటా రెండిట్లోనూ ఉంది.

మూడోదే ఎక్కువమందిని ముంచుతోంది: సీడీసీ ప్లేసెస్. ప్రతి సెన్సస్ ట్రాక్ట్‌కీ, అంటే జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతానికీ, అంకె ఇస్తుంది, పటం అందంగా వస్తుంది. కానీ అది మీ ట్రాక్ట్‌లో ఎవరినో అడిగి తెచ్చిన అంకె కాదు. వయసు, లింగం, జాతి, చదువు, పేదరికం బట్టి మోడల్ వేసి కట్టింది. మీ ఊళ్లో మీరు నడిపిన కార్యక్రమం ఫలితం అందులోకి రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి వాడండి. పనిచేసిందా లేదా తేల్చడానికి మాత్రం వద్దు.

తూనికరాయి:
మరి చిన్న కౌంటీ దేన్ని కొలవాలి? ఏదీ కొలవలేమంటే బోర్డు ముందు ఏం పెట్టాలి?

కౌంటీలెక్కలు:
ఒక వరుస దగ్గరగా చూద్దాం. ప్రాధాన్యం రక్తపోటు. పని: క్లినిక్‌లలో టీమ్-బేస్డ్ కేర్, అంటే డాక్టరుతో పాటు నర్సు, ఫార్మసిస్టు కలిసి మందు మోతాదు సవరించడం, రోగిని వెంబడించడం. కమ్యూనిటీ గైడ్ దీన్ని సిఫారసు చేసింది. అధ్యయనాల మధ్యస్థ ఫలితం: అదుపులో ఉన్నవాళ్లు 12 శాతం పాయింట్లు పెరిగారు, రక్తపోటు పై అంకె 5.4 తగ్గింది.

ఇప్పుడు లెక్క కట్టండి. కౌంటీలో రక్తపోటు ఉన్న పెద్దలు 20,000 అనుకుందాం. పనిలో చేరిన రెండు క్లినిక్‌లలో 4,000 మంది. 12 పాయింట్లు పెరిగితే కొత్తగా అదుపులోకి వచ్చేవాళ్లు 480. కౌంటీ మొత్తం మీద చూస్తే 2.4 పాయింట్లు. ఫోన్ సర్వేకి అది అందదు. కానీ క్లినిక్ రికార్డుల్లో స్పష్టంగా కనబడుతుంది. 18 నుంచి 85 ఏళ్లవాళ్లలో 140/90 కన్నా తక్కువ ఎంతమందికి ఉందన్న కొలమానం ఇప్పటికే ఉంది. ఫెడరల్ నిధులతో నడిచే ఆరోగ్య కేంద్రాలు దాన్ని ఏటా నివేదించాలి కూడా. కొత్త సర్వేకి డబ్బు పెట్టనక్కర్లేదు, డేటా ఒప్పందం మీద సంతకం కావాలి.

ఈ గుణకారం, అంటే ఎంతమందిని చేరాం ఇంటూ ఒక్కొక్కరికి ఎంత మేలు, ప్రతి కార్యక్రమానికీ ముందే కట్టాలి. దీన్నే మోతాదు అంటారు. 42లో ముప్పై ఈ లెక్క దగ్గరే రాలిపోతాయి. ఆరుగురు హాజరైన వంట క్లాసు ఆ ఆరుగురికీ మేలు చేస్తుంది, కౌంటీ మధుమేహ రేటుని కదపదు.

సాగరతీరం:
భారతదేశం నుంచి చదువుతున్నాను. మోతాదు అన్న మాటకి మన దగ్గర గట్టి రుజువు ఉంది కాబట్టి రాస్తున్నాను. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన మహిళా బృందాల ట్రయల్ 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నెలనెలా కూర్చుని సమస్యలు గుర్తించడం, మార్గాలు ఎంచుకోవడం, చేయడం, ఎలా జరిగిందో చూసుకోవడం. అదీ ఒక ప్రణాళికా చక్రమే. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. తర్వాత 2013లో ఇలాంటి ఏడు ట్రయల్స్ కలిపి చూస్తే, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది బృందాల్లో చేరినచోటే మరణాలు గట్టిగా తగ్గాయి. మన ఆంధ్ర, తెలంగాణల్లో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలకీ ఇదే వర్తిస్తుంది. కమిటీ ఉందా అని కాదు, ఊళ్లో ఎంతమంది అందులో నిజంగా కూర్చుంటున్నారన్నదే చూడాలి.

నీలిసంతకం:
సాగరతీరం గారూ, ఎంతో పనికొచ్చే మాట చెప్పారు. ఇక్కడి కూటముల్లో కూర్చునేది ఎక్కువగా సంస్థల ప్రతినిధులే, సమస్య ఉన్న మనుషులు కాదు. పని వేళల్లో సమావేశం పెడితే రాగలిగేది జీతం తీసుకుంటూ వచ్చేవాళ్లే. సాయంత్రం ఆరున్నరకి పెట్టాలి, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలి, వచ్చినందుకు డబ్బివ్వాలి. ఇవి బడ్జెట్‌లో వరుసలుగా రాయకపోతే జరగవు.

గోంగూరకట్ట:
మన తెలుగువాళ్లు ఈ అంచనాల్లో ఎలా మాయమవుతారో ఎవరైనా గమనించారా? 2016 నుంచి అమెరికన్ కమ్యూనిటీ సర్వే భాషల పెద్ద పట్టికలో తెలుగు విడిగా ఉంది. కానీ ట్రాక్ట్ స్థాయికి దిగితే చిన్న పట్టికే దొరుకుతుంది. అందులో హిందీ "ఇతర ఇండో-యూరోపియన్" గదిలోకీ, తెలుగు "ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు" గదిలోకీ పోతాయి. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్న రెండు భారతీయ కుటుంబాలు రెండు వేర్వేరు గదుల్లో. ఏ భాషలోకి అనువాదాలు కావాలో తేల్చేవాళ్లకి ఇది తెలియదు.

ఊబకాయం సంగతీ అంతే. బీఎంఐ 30 గీతతో లెక్కిస్తే ఆసియా జనాభా చాలా ఆరోగ్యంగా కనబడుతుంది. కానీ ఆసియా అమెరికన్లకి 23 దగ్గరే మధుమేహ పరీక్ష మొదలుపెట్టమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. బీఎంఐ 25తో షుగర్ ఉన్న మనిషి ఊబకాయం ప్రాధాన్యం కింద ఎక్కడా పడడు.

కౌంటీలెక్కలు:
గోంగూరకట్ట గారూ, దీనికి దారి ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలో ముందు పెద్ద పట్టికలో మీ కౌంటీకో, అది పడే పెద్ద ప్రాంతానికో ఉన్న అంకె చూసి, దాని పక్కన స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంటి భాషల జాబితా పెట్టి చూడండి. ఏ బడి పరిధిలో ఎన్ని తెలుగు కుటుంబాలో తేలుతుంది. ఇక 30 క్లస్టర్లు, ఒక్కోదాంట్లో 7 ఇళ్లు, మొత్తం 210 ఇళ్లతో క్యాస్పర్ అనే ఇంటింటి శాంపిల్ సర్వే పెడితే మనవాళ్ల ఇళ్లు ఒకటో రెండో పడతాయి, దాన్నుంచి ఏమీ తేల్చలేం. గుళ్లు, తెలుగు సంఘాల ద్వారా విడిగా అడగాల్సిందే. అలా వచ్చినదాన్ని శాతాలుగా రాయకుండా, ఏం చెప్పారన్నది చెప్పినట్టు రాయాలి.

వరహాలు:
ఆసుపత్రుల సంగతి కూడా కలపాలి, డబ్బు అక్కడే ఉంది కదా. 2010 అఫోర్డబుల్ కేర్ చట్టం ప్రకారం లాభాపేక్ష లేని ప్రతి ఆసుపత్రీ మూడేళ్లకోసారి అవసరాల అంచనా చేయాలి. చేయకపోతే 50,000 డాలర్ల ఎక్సైజ్ పన్ను. అందులో కనీసం ఒక ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ మాట తీసుకోవడం తప్పనిసరి. ఆ నిబంధనని ఒక ఉత్తరం పంపి సరిపెట్టుకోవద్దు, అది మన చేతిలో ఉన్న పట్టు. ఫ్యాబ్ చక్రం ఐదేళ్లు, ఆసుపత్రిది మూడేళ్లు. ఓహాయోలో చట్టం కలిపింది కానీ మిగతా చాలా చోట్ల మీరే కలుపుకోవాలి.

ఆసుపత్రి పన్ను సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో మొదట అడగండి. ఆ అంచనాలో తేలిన అవసరాలకి ఏం చేస్తారో చెప్పే అమలు వ్యూహాన్ని వాళ్ల బోర్డు ఆ సంవత్సరం ముగిశాక ఐదో నెల 15వ తేదీలోపు ఆమోదించాలి. జూన్ 30న ముగిసేవాళ్లకి నవంబరు 15. మన ప్రాధాన్యాలు డిసెంబరులో తేలితే మరో మూడేళ్లు ఆగాల్సిందే.

ఇంకొకటి. ఆసుపత్రి పన్ను పత్రంలో ఇళ్ల వసతి లాంటి పనులు "కమ్యూనిటీ బిల్డింగ్" అనే వేరే భాగంలో పడతాయి, కమ్యూనిటీ బెనిఫిట్ (పన్ను మినహాయింపుకి బదులుగా ఊరికి చేసిన మేలు) మొత్తంలో మామూలుగా కలవవు. అక్కడి ఫైనాన్స్ వాళ్లు హెల్త్ ఫెయిర్‌కి మొగ్గడానికి ఇదొక కారణం. ఆరోగ్యానికి చేసే మేలుని ఆధారంతో చూపించగలిగితే కమ్యూనిటీ బెనిఫిట్ భాగంలోనే చేర్చుకోవచ్చు. ఆ ఆధారం రాసి ఇవ్వడం మన ఎపిడెమియాలజిస్టు పని. అడిగే దాకా ఆగకండి.

తూనికరాయి:
చాలా నేర్చుకున్నాను. బోర్డుకి ఇవ్వబోయే జవాబు ఇలా రాశాను, చూడండి:

"ప్రణాళిక రాయడం ఒక్కటే జబ్బులు తగ్గిస్తుందని రుజువు లేదు. పరీక్షకు నిలిచిన కొద్ది పనుల్ని, సరిపడా మందికి, రాసినట్టుగా అందించిన చోట ఫలితం వచ్చింది. అందుకని 42ని ఆరుకి తగ్గిస్తున్నాం. మొదటి వరుస: భాగస్వామ్య క్లినిక్‌లు రెండిట్లో 140/90 లోపు ఉన్న రోగుల శాతాన్ని మూడేళ్లలో 12 పాయింట్లు పెంచడం. కొలత: క్లినిక్ రికార్డులు, మూడు నెలలకోసారి. బాధ్యత: క్లినిక్ మెడికల్ డైరెక్టర్, ఆరోగ్య శాఖ నర్సు."

పడమటిగాలి:
బాగుంది. రెండు సవరణలు. బేస్‌లైన్, అంటే మొదలుపెట్టిన చోటి అంకె, ఏ సంవత్సరానిదో, శాతం ఎంతో వరుసలోనే ఉండాలి. అది లేకపోతే మూడేళ్ల తర్వాత ఏది అనువుగా ఉంటే దాంతో పోలుస్తారు. హారంలో, అంటే శాతం కట్టే మొత్తం రోగుల్లో, ఎవరున్నారో కూడా రాయండి. క్లినిక్ మధ్యలో రికార్డు సాఫ్ట్‌వేర్ మారిస్తే రోగుల సంఖ్య ఒక్కసారిగా పడి శాతం దానంతటదే పెరిగినట్టు కనబడుతుంది.

కౌంటీలెక్కలు:
12 అన్నది అధ్యయనాల మధ్యస్థం. జీతం ఇచ్చి, మనుషుల్ని పెట్టి నడిపిన ట్రయల్స్‌లో వచ్చింది. మీ దగ్గర ఫార్మసిస్టు వారానికి ఒక పూటే వస్తే 6 పెట్టుకోండి, ఎందుకు 6 పెట్టారో కింద ఒక వాక్యం రాయండి. తీసేసిన 36 పనుల జాబితా కూడా అనుబంధంలో ఉంచండి, ఒక్కోదాని పక్కన కారణంతో. మూడేళ్ల తర్వాత కొత్త కమిటీ వాటినే మళ్లీ తెచ్చి పెట్టకుండా ఆపేది ఆ పేజీయే.